సీప్యాప్ మాస్క్, ట్యూబ్, నీళ్ల డబ్బా ఇంట్లో ఎలా కడుక్కోవాలి?

సీప్యాప్ అంటే నిద్రలో ఊపిరి ఆగిపోతూ ఉండేవాళ్లకి (స్లీప్ అప్నియా) రాత్రంతా మాస్క్ ద్వారా గాలిని ఒత్తిడితో పంపే మిషన్. ఆ మిషన్ చేతికిచ్చే రోజు ప్రెషర్ ఎంత పెట్టారో చెబుతారు, మాస్క్ ఎలా తగిలించుకోవాలో రెండుసార్లు చూపిస్తారు, కడగడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అదంతా మాన్యువల్‌లో ఉంది, చూసుకోండి" అని వదిలేస్తారు. మాన్యువల్ అట్టపెట్టెలోనే ఉండిపోతుంది, అట్టపెట్టె మంచం కిందకి పోతుంది. నాకూ అంతే. మొదటి నెలలో నేను మాస్క్ కడిగింది రెండంటే రెండుసార్లు. మూడో వారం వచ్చేసరికి ముక్కు పక్కన ఎర్రగా పొక్కులు లేచాయి, రాత్రంతా మాస్క్ అంచు నుంచి బుస్సుమని గాలి లీకవుతోంది, పొద్దున్న లేచి ట్యూబ్ వాసన చూస్తే పులిసిన కంపు. అప్పుడు భయం పట్టుకుని అతికి పోయాను, క్రిముల్ని చంపే మందు నీళ్లలో అన్నిటినీ ముంచేశాను. ఆ రాత్రి పడ్డ బాధ కింద చెబుతాను.

కొన్నేళ్లుగా ఈ మిషన్‌తోనే పడుకుంటున్నాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నా, ఇక్కడ ఉన్న పనులు రెండే. సబ్బు నీళ్లతో కడగడం, పూర్తిగా ఆరనివ్వడం. అందులో రెండోదే చాలామంది ఎగ్గొడతారు. బూజు పట్టాలన్నా, జిగురు పేరుకోవాలన్నా తడి ఉండాలి. తడి లేకుండా చేశారంటే సగం పని అయిపోయినట్టే, దానికి మందులూ అక్కర్లేదు, మిషన్లూ అక్కర్లేదు.

ముందు ఒక విషయం అర్థం చేసుకుంటే ఏది ఎన్నాళ్లకి కడగాలో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. సీప్యాప్‌లో గాలి ఒకే దారిన వెళుతుంది: గదిలోంచి ఫిల్టర్, ఫిల్టర్ నుంచి మోటార్, మోటార్ నుంచి నీళ్ల డబ్బా, అక్కడి నుంచి ట్యూబ్, చివరికి మాస్క్. మీరు వదిలే ఊపిరి చాలావరకు మాస్క్ మీద ఉన్న సన్నని రంధ్రాల్లోంచి బయటికి పోతుంది, వెనక్కి ట్యూబ్‌లోకి పెద్దగా వెళ్లదు. అంటే మన చెమట, మొహం జిడ్డు, చొంగ, ముక్కు తడి అన్నీ మాస్క్ మీదే పడతాయి. అందుకే మాస్క్ రోజూ కడగాలి. నీళ్ల డబ్బాలో రాత్రంతా వెచ్చటి నీళ్లుంటాయి, కాబట్టి దాన్నీ రోజూ చూసుకోవాలి. ట్యూబ్‌లోకి వెళ్లేది ఎక్కువగా ఆవిరి, దానికి వారానికోసారి చాలు. ఫిల్టర్ మీద పడేది దుమ్ము, దాన్ని వారానికోసారి చూసుకుంటే సరి.

కడగడానికి కావాల్సినవి

గోరువెచ్చటి నీళ్లు, వాసన లేని లేదా చాలా తక్కువ వాసన ఉన్న గిన్నెలు తోమే లిక్విడ్, ఒక మెత్తటి చిన్న బ్రష్ (పిల్లల టూత్‌బ్రష్ బ్రహ్మాండంగా పనికొస్తుంది, దీనికే విడిగా పెట్టుకోండి), నూలు వదలని శుభ్రమైన టవల్, ట్యూబ్ వేలాడదీయడానికి ఏదో ఒక దండెం. ఇంతే. లిక్విడ్ చుక్కల్లో వాడండి, గరిటెల్లో కాదు. నురగ ఎక్కువైతే శుభ్రం ఎక్కువ అవ్వదు, కడిగే నీళ్లే ఎక్కువ అవుతాయి.

నీళ్లు గోరువెచ్చగా అంటే గోరువెచ్చగానే, చేయి పెడితే హాయిగా ఉండాలి, సుమారు 30 డిగ్రీలు. మరిగే నీళ్లు పోస్తే క్రిములు చస్తాయని కొందరు పోస్తారు, చచ్చేది ముందు మాస్క్. ప్లాస్టిక్ ఫ్రేమ్ వంకరపోతుంది, ఆ తర్వాత ఎంత బిగించినా లీకే.

ఇక వాడకూడనివి. బ్లీచ్, క్లోరిన్, స్పిరిట్, ఆల్కహాల్ కలిసిన వైప్స్, హ్యాండ్ శానిటైజర్, యాంటిసెప్టిక్ ద్రావణాలు, సువాసన నూనెలు, మాయిశ్చరైజర్ కలిపిన సబ్బులు, ఇవేవీ వద్దు. కారణాలు రెండు. ఇవి సిలికాన్‌ని, ప్లాస్టిక్‌ని గట్టిపరుస్తాయి, పగుళ్లు తెస్తాయి. అంతకన్నా పెద్ద సంగతి, ఎంత కడిగినా కొంత అంటుకునే ఉంటుంది, అది ఏడెనిమిది గంటలపాటు నేరుగా మీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేను చేసిన తప్పు ఇదే. గాయాలకి వాడే ఒక యాంటిసెప్టిక్‌ని నీళ్లలో కలిపి ట్యూబ్, మాస్క్ రెండూ అరగంట నానబెట్టాను. మూడుసార్లు కడిగాను, వాసన పోయిందనే అనుకున్నాను. రాత్రి ట్యూబ్ వేడెక్కగానే మళ్లీ మొదలైంది. గొంతు మండుతుంది, దగ్గు ఆగదు, కళ్లలో నీళ్లు. పన్నెండింటికి మాస్క్ తీసి పక్కన పెట్టేశాను, తెల్లారేదాకా నా గురకకి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఆ ట్యూబ్ వాసన వారం రోజులైనా వదల్లేదు, చివరికి పారేసి కొత్తది కొన్నాను.

పొద్దున్న లేవగానే

ముందు మిషన్ ఆఫ్ చేసి ప్లగ్ తీసేయండి. తర్వాత నీళ్ల డబ్బాను బయటికి లాగండి. ఈ వరస గుర్తుపెట్టుకోండి: డబ్బా మిషన్‌లో ఉండగా మిషన్‌ని ఎత్తకూడదు, వంచకూడదు, ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదకి జరపకూడదు. నీళ్లు తొణికి మోటార్ వైపు వెళితే రిపేరు ఖర్చు మీదే. నిద్రమత్తులో ఉన్నప్పుడే ఇలాంటివి జరుగుతాయి, కాబట్టి కళ్లు పూర్తిగా తెరుచుకున్నాకే ముట్టుకోండి.

డబ్బాలో మిగిలిన నీళ్లు పారబోయండి. కాస్తే తగ్గాయి కదా, ఇవాళ్టికి పైన పోసుకుంటే సరిపోతుంది అనుకోకండి. రాత్రంతా వేడెక్కి చల్లారిన నీళ్లు అవి. పైగా నీళ్లు ఆవిరైపోతాయి గానీ అందులోని లవణాలు అక్కడే ఉంటాయి, రోజురోజుకీ చిక్కబడుతూ పోతాయి. డబ్బాలో చుక్క లిక్విడ్ వేసి, గోరువెచ్చటి నీళ్లతో తిప్పి, మూలలు వేలితో రుద్ది, నురగ లేకుండా రెండుసార్లు కడిగి, మూత తెరిచి బోర్లించండి. మూత పెట్టేసి ఆరబెడితే అది ఆరదు, లోపల ఆవిరి పట్టి సాయంత్రానికి కూడా తడిగానే ఉంటుంది.

ఇప్పుడు మాస్క్. పట్టీల నుంచి విడదీయండి. పట్టీలు ఎంతవరకు బిగించుకుంటారో ఆ చోట సన్నగా పెన్నుతో గుర్తు పెట్టుకుంటే మళ్లీ తగిలించేటప్పుడు రోజూ కుస్తీ పట్టక్కర్లేదు. మాస్క్ మోడల్ కొత్తదైతే విడదీసే ముందు ఫోన్‌లో ఒక ఫోటో తీసుకోండి, ఏ ముక్క ఎటు తిరగాలో అనే టెన్షన్ ఉండదు. చాలా మాస్కుల్లో క్లిప్పులు కొద్దిగా నొక్కి లాగితే వచ్చేస్తాయి, బలం ఉపయోగించాల్సి వస్తోందంటే తప్పు చోట లాగుతున్నారన్నమాట.

మొహానికి తగిలే మెత్తటి సిలికాన్ భాగాన్ని కుషన్ అంటారు. దాన్ని సబ్బు నీళ్లలో ముంచి వేళ్లతోనే రుద్దండి, ముఖ్యంగా చర్మానికి ఆనే పల్చటి అంచుని, లోపలివైపు మడతని. అక్కడే జిడ్డు దాక్కుంటుంది. కడిగాక వేలితో రాసి చూడండి, కిరకిరలాడితే జిడ్డు పోయినట్టు, జారుతుంటే ఇంకా ఉన్నట్టు. ఇది ఎందుకంత ముఖ్యమంటే, మామూలు సీప్యాప్ ప్రెషర్ 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి పీడనం మధ్య ఉంటుంది. ఆ గాలిని ఆపాల్సింది ఆ పల్చటి అంచొక్కటే. దాని మీద జిడ్డు పొర ఉంటే మొహం మీద జారుతుంది, గాలి కంట్లోకి కొడుతుంది, మనం పట్టీలు ఇంకా బిగిస్తాం, పొద్దున్నకి ముక్కు దూలం మీద పుండు. లీక్ అని మాస్క్ మార్చేసేవాళ్లలో చాలామందికి కావాల్సింది కొత్త మాస్క్ కాదు, రెండు చుక్కల సబ్బు.

తర్వాత ఊపిరి బయటికి పోయే రంధ్రాలు. కొన్ని మాస్కులకి ఇవి ముందు భాగంలో ఉంటాయి, కొన్నిటికి ట్యూబ్ తగిలే మలుపు దగ్గర. బొగ్గుపులుసు గాలి బయటికి పోవాల్సిన దారి ఇది, మూసుకుపోతే వదిలిన గాలినే మళ్లీ పీలుస్తాం. మెత్తటి బ్రష్‌తో బయటి నుంచి, లోపలి నుంచి మెల్లగా తోమి, వెలుతురు వైపు పట్టుకుని చూడండి. అన్ని రంధ్రాల్లోంచీ వెలుతురు కనబడాలి. సూది, పిన్ను పెట్టి పొడవకండి, రంధ్రం పెద్దదైతే లీక్ లెక్క మారిపోతుంది.

ముక్కు, నోరు రెండూ కప్పే ఫుల్ ఫేస్ మాస్క్ వాడేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ట్యూబ్ తగిలే మలుపులో చిన్న రేకులాంటి మూత ఉంటుంది. కరెంటు పోయి మిషన్ ఆగిపోతే ఆ మూత తెరుచుకుని బయటి గాలి లోపలికి వస్తుంది. జిడ్డు పట్టి అతుక్కుపోతే అది పనిచేయదు. కడిగాక అది తేలిగ్గా కదులుతోందా, చిరగలేదు కదా అని చూడండి. చిరిగితే, వంగిపోతే ఆ మాస్క్ వాడొద్దు, ఆ ముక్క మార్చాక తగిలించుకోండి.

కడిగినవన్నీ టవల్ మీద పరిచి, గాలి ఆడేచోట, నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే క్రిములు చస్తాయి కదా అని అడుగుతారు. ఎండకి సిలికాన్, ప్లాస్టిక్ పసుపు రంగుకి తిరిగి పెళుసుబారతాయి. నీడే మంచిది. హెయిర్ డ్రయర్ వేడి గాలి కూడా వద్దు. పొద్దున్నే కడగమనడానికి కారణం కూడా ఇదే, రాత్రిదాకా ఆరడానికి పన్నెండు గంటలకు పైగా టైమ్ ఉంటుంది. రాత్రి పడుకోబోయే ముందు కడిగితే తడి మాస్కే పెట్టుకోవాలి.

రోజూ ఇంత పనా అనిపిస్తుంది. చేతులు అలవాటయ్యాక ఐదు నిమిషాలు కూడా పట్టదు. మరీ హడావుడిగా ఉన్న రోజు కనీసం నీళ్లు పారబోసి డబ్బా తెరిచిపెట్టండి, కుషన్‌ని తడిగుడ్డతో గానీ ఆల్కహాల్, సువాసన లేని వైప్‌తో గానీ తుడవండి. మర్నాడు మాత్రం కడగాలి.

అసలు పని తగ్గించుకునే చిట్కా కూడా ఉంది: పడుకునే ముందు మొహం కడుక్కోండి. మాస్క్‌కి అంటేదంతా మన మొహం మీద నుంచే కదా. మొహానికి క్రీములు, నూనెలు రాసుకుని మాస్క్ పెట్టుకుంటే సిలికాన్ త్వరగా ఉబ్బి పాడవుతుంది. పెట్రోలియం జెల్లీ అసలు వద్దు. చర్మం పొడిబారితే నీటి ఆధారంగా తయారైన క్రీమే రాసుకోండి, అది కూడా ఇంకిపోయాకే మాస్క్ పెట్టుకోండి.

డబ్బాలో ఏ నీళ్లు పోయాలి?

డిస్టిల్డ్ వాటర్. దీని మీద వాదనలకి అంతు లేదు గానీ, కారణం తెలిస్తే వాదన అక్కర్లేదు. కుళాయి నీళ్లలో లవణాలుంటాయి, వేడికి అవి డబ్బా అడుగున తెల్లగా సున్నంలా పేరుకుంటాయి, ఆ గరుకు పొరలో జిగురు పట్టుకోవడం తేలిక, కడగడం కష్టం. ఇది ఒక సంగతి. రెండోది, కుళాయి నీళ్లు తాగడానికి సరిపోతాయి గానీ క్రిములు బొత్తిగా లేనివి కావు. కడుపులోకి వెళ్లే నీళ్లు వేరు, ముక్కులోకీ ఊపిరితిత్తుల్లోకీ ఆవిరి మోసుకెళ్లే నీళ్లు వేరు. ఊపిరితిత్తులకి జబ్బు తెచ్చే లెజియొనెల్లా బ్యాక్టీరియా నిల్వ ఉన్న గోరువెచ్చటి నీళ్లలోనే బాగా పెరుగుతుంది.

ఫిల్టర్ చేసిన నీళ్లు, బాటిల్ నీళ్లు, డిస్టిల్డ్ వాటర్ మూడూ ఒకటి కాదు. మొదటి రెండిటిలో ఎంతో కొంత లవణాలుంటాయి. డిస్టిల్డ్ వాటర్ దొరకని రోజు నీళ్లు బాగా మరిగించి, పూర్తిగా చల్లార్చి పోసుకోండి. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ లవణాలు పోవు, కాబట్టి అది ఒకటి రెండు రాత్రులకి పనికొచ్చే సర్దుబాటు మాత్రమే. చల్లారకుండా పోయకండి, డబ్బా అతుకులు వదులవుతాయి. ఇక నీళ్లలో యూకలిప్టస్ చుక్కలు, కర్పూరం, అత్తరు లాంటివి కలపడం... ముక్కు తెరుచుకుంటుందని కలుపుతారు, దయచేసి కలపకండి. నూనె ఆవిరి రాత్రంతా పీల్చడం ఊపిరితిత్తులకి మంచిది కాదు, ప్లాస్టిక్‌కీ మంచిది కాదు.

డబ్బాలో గీత దాటి పోయొద్దు. గీత దాటితే మొదటి కుదుపుకే నీళ్లు ట్యూబ్‌లోకి వస్తాయి.

వారానికి ఒకరోజు

వారంలో ఒకరోజు ఖాయం చేసుకోండి, లేకపోతే వాయిదా పడుతూనే ఉంటుంది. ఆ రోజు ట్యూబ్, పట్టీలు, డబ్బాలో సున్నం, ఫిల్టర్ ఒకేసారి చూసుకోవచ్చు.

ట్యూబ్ దాదాపు ఆరడుగుల పొడవు ఉంటుంది, లోపలంతా మడతలు మడతలుగా ఉంటుంది, తిప్పలన్నీ అక్కడే. రెండు చివరలూ విడదీయండి. ట్యూబ్‌ని లాగి కాదు, చివరన ఉన్న గట్టి రబ్బరు భాగం పట్టుకుని తిప్పుతూ తీయండి, లేకపోతే అతుకు దగ్గర చిరుగుతుంది. సింక్‌లో గానీ బకెట్‌లో గానీ సబ్బు నీళ్లు పెట్టుకుని ట్యూబ్‌లోకి సగం వరకు పోసి, రెండు చివరలూ చేతులతో మూసి పైకి పట్టుకుని, త్రాసులాగా ఒకసారి ఇటు ఒకసారి అటు ఎత్తుతూ నీళ్లు పరుగెత్తించండి. ఒక నిమిషం అలా చేసి పారబోయండి. నీళ్లు మురికిగా వస్తే మళ్లీ ఒకసారి. తర్వాత ఒక చివరని కుళాయి కింద పెట్టి, నురగ ఆనవాలు కూడా లేకుండా నీళ్లు పారనివ్వండి. ట్యూబ్ కడిగే పొడుగాటి బ్రష్‌లు దొరుకుతాయి, వాడితే మెత్తటివే వాడండి, వారం వారం కడిగేవాళ్లకి నిజానికి వాటితో పనిలేదు.

వేడెక్కే ట్యూబ్ అయితే దాని గోడలో సన్నటి తీగ ఉంటుంది, ఒక చివర కరెంటు కనెక్షన్ ఉంటుంది. వీటిలో చాలావాటిని నీళ్లతో కడగొచ్చు, కానీ మీ మోడల్ మాన్యువల్ ఒక్కసారి తెరిచి చూడండి, మంచం కింద నుంచి దాన్ని తీయాల్సింది దీనికోసమే. కడిగాక ఆ కరెంటు చివర ఎముకలా ఆరేదాకా మిషన్‌కి తగిలించొద్దు.

ఆరబెట్టడం ఎలా అంటే, ముందు బాత్‌రూమ్‌లో నిలబడి ట్యూబ్‌ని రెండు మూడుసార్లు జాడించండి, మడతల్లో ఇరుక్కున్న చుక్కలు ఎగిరిపోతాయి. తర్వాత మధ్య భాగం దండెం మీద వేసి రెండు చివరలూ కిందికి వేలాడేలా వదిలేయండి. చుట్టచుట్టి పెడితే అడుగున నీళ్లు నిలుస్తాయి. సాయంత్రానికి కూడా లోపల చుక్కలు కనబడితే ఒక ఉపాయం ఉంది: డబ్బా ఖాళీగా పెట్టి, నీళ్లు వేడిచేసే సెట్టింగ్ ఆఫ్ చేసి, మాస్క్ లేకుండా ట్యూబ్ తగిలించి, పదిహేను ఇరవై నిమిషాలు మిషన్ నడపండి. గాలికే ఆరిపోతుంది. అలా చేసేటప్పుడు ట్యూబ్ మిషన్ కన్నా కిందికి ఉండాలి, ఉన్న తడి మిషన్‌లోకి జారకూడదు.

కడగని రోజుల్లో కూడా పొద్దున్న ట్యూబ్‌లో నీటి చుక్కలు కనబడుతున్నాయంటే గది చల్లగా ఉందని, లోపలి ఆవిరి చల్లబడి నీరవుతోందని అర్థం. ఆవిరి సెట్టింగ్ ఒక మెట్టు తగ్గించండి, లేదా ట్యూబ్‌కి గుడ్డ తొడుగు వేయండి. రాత్రి మిషన్‌ని తల కన్నా తక్కువ ఎత్తులో పెట్టుకుంటే ఆ నీళ్లు మొహం మీదకి రాకుండా ఉంటాయి.

పట్టీల సంగతి తేలిక. వెల్క్రో అంచులు మూసేసి (తెరిచి ఉంచితే అవి పట్టీల గుడ్డనే పీకుతాయి) సబ్బు నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, చేత్తో పిసికి, జాడించి, టవల్‌లో చుట్టి నొక్కి నీళ్లు పీల్చేయండి. మెలిపెట్టి పిండొద్దు, సాగిపోతాయి. ఇస్త్రీ అసలే వద్దు.

డబ్బాలో తెల్ల పొర కనబడితే వెనిగర్. తెల్ల వెనిగర్ ఒక వంతుకి తొమ్మిది పది వంతుల నీళ్లు కలిపి అరగంట ఉంచితే మామూలు పొర వదిలిపోతుంది. మొండిగా పేరుకున్న సున్నానికి మూడు వంతుల నీళ్లతో కాస్త గాఢంగా కలుపుకోవచ్చు. తర్వాత వాసన పోయేదాకా బాగా కడగాలి. డిస్టిల్డ్ వాటర్ వాడేవాళ్లకి ఈ అవసరం ఎప్పుడో గానీ రాదు. ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెబుతున్నా: వెనిగర్‌నీ బ్లీచ్‌నీ ఎప్పుడూ కలపకండి, ఒకదాని తర్వాత ఒకటి కూడా వాడకండి. రెండూ కలిస్తే విషపూరితమైన క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

డబ్బాలో, మాస్క్ మూలల్లో గులాబీ రంగు జిగురు గానీ నల్ల చుక్కలు గానీ కనబడితే అవి పెరుగుతున్న బ్యాక్టీరియా, బూజు. గులాబీది సబ్బుతో తోమితే పోతుంది, కానీ తడి ఎక్కడో మిగులుతోందని అది చెబుతోంది, అది ఎక్కడో వెతకండి. నల్ల మచ్చలు ప్లాస్టిక్‌లోకి దిగిపోయి తోమినా పోకపోతే ఆ వస్తువుని పారేయడమే.

ఫిల్టర్, మిషన్

మిషన్ వెనకో పక్కనో చిన్న మూత తీస్తే ఫిల్టర్ ఉంటుంది. రెండు రకాలు. తెల్లగా కాగితంలా ఉండేది కడగకూడదు, తడిస్తే పనికిరాదు, బూడిదరంగుకి తిరిగితే మార్చేయాలి. దుమ్ము ఎక్కువుంటే నెలకోసారి, శుభ్రంగా ఉండే గదైతే ఇంకొన్నాళ్లు వస్తుంది, రంగే చెబుతుంది. స్పాంజిలా బూడిదరంగులో ఉండేది కడగొచ్చు: వారానికోసారి నీళ్లలో పిసికి, టవల్‌లో నొక్కి, పూర్తిగా ఆరాక పెట్టాలి. తడి ఫిల్టర్ పెడితే మోటార్ ఆ తడినే లోపలికి పీలుస్తుంది. ఫిల్టర్ లేకుండా ఒక్క రాత్రి కూడా నడపొద్దు, ఒకటి ఎక్స్‌ట్రా పెట్టుకోండి. ఇంట్లో కుక్కో పిల్లో ఉంటే ఫిల్టర్ ఎంత త్వరగా నిండుతుందో చూసి ఆశ్చర్యపోతారు.

మిషన్‌కి నీళ్లు తగలకూడదు. ప్లగ్ తీసి, గట్టిగా పిండిన తడిగుడ్డతో పైన తుడిచి, పొడిగుడ్డతో ఇంకోసారి తుడవండి. గాలి బయటికొచ్చే గొట్టం మూతి కూడా తుడవండి. నేల మీద, కర్టెన్ పక్కన పెట్టకండి, దుమ్మంతా దానికే.

శానిటైజ్ చేసే డబ్బాలు, సంచులు

మాస్క్, ట్యూబ్ అందులో పడేస్తే చాలు, ఓజోన్‌తోనో అల్ట్రావయొలెట్ కాంతితోనో క్రిములన్నీ చచ్చిపోతాయి, నీళ్లు సబ్బు అక్కర్లేదు అనే ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. నేనూ ఒకప్పుడు కొనబోయాను. అమెరికాలో మందుల్నీ వైద్య పరికరాల్నీ చూసే ఎఫ్‌డీఏ 2020 ఫిబ్రవరిలో దీని మీదే జనాన్ని హెచ్చరించింది. సీప్యాప్ శుభ్రం చేయడానికని అమ్ముతున్న ఓజోన్, యూవీ పరికరాలకి అప్పటికి తమ అనుమతి లేదని, ఓజోన్ వాడినవాళ్లలో కొందరికి దగ్గు, ఆయాసం, తలనొప్పి, ముక్కు మంట, ఉబ్బసం వచ్చినట్టు ఫిర్యాదులున్నాయని చెప్పింది. ఇందులో తిరకాసు ఏంటంటే, క్రిముల్ని చంపాలంటే ఓజోన్ మనిషికి సురక్షితమైన మోతాదు కన్నా చాలా ఎక్కువ ఉండాలి. ఆ ట్యూబ్‌లో మిగిలింది పీల్చేది మనమే.

యూవీ అయితే వెలుతురు పడినచోటే పనిచేస్తుంది. ఆరడుగుల ట్యూబ్‌లో ఇన్ని మడతల మధ్యకి ఆ వెలుతురు ఎలా వెళుతుందో మీరే ఆలోచించండి. ఏ కిరణమూ జిడ్డుని కడగదు, లీక్ తెచ్చేది ఆ జిడ్డే.

2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ తన సీప్యాప్, వెంటిలేటర్ మోడళ్లు చాలావాటిని వెనక్కి పిలిచిన సంగతి గుర్తుండే ఉంటుంది. మోటార్ చప్పుడు తగ్గించడానికి లోపల పెట్టిన ఫోమ్ పొడిపొడిగా రాలుతోందని అప్పుడు బయటపడింది. ఓజోన్‌తో శుభ్రం చేయడం లాంటి తాము చెప్పని పద్ధతుల వల్ల ఆ అరుగుదల ఇంకా పెరగొచ్చని ఆ కంపెనీయే చెప్పింది. ట్యూబ్‌లో నల్లటి పొడి కనిపిస్తే కడిగి ఊరుకోకండి, వాడటం ఆపి మిషన్ ఇచ్చినవాళ్లకీ డాక్టరుకీ వెంటనే చూపించండి.

జలుబు, సైనస్, జ్వరం ఉన్న రోజుల్లో మరి? అప్పుడు కూడా సబ్బు నీళ్లే, కాకపోతే మాస్క్, డబ్బాతో పాటు ట్యూబ్ కూడా రోజూ కడగండి, తగ్గాక ఫిల్టర్ మార్చండి. ఎన్నిసార్లు కడిగినా ముక్కు ఇన్ఫెక్షన్లు మళ్లీ మళ్లీ వస్తుంటే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే, దాన్ని కడగడంతో తేల్చుకునే ప్రయత్నం చేయొద్దు. ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు క్రిమిరహితం చేయాల్సిన పద్ధతి వేరేగా ఉందేమో తమ డాక్టరునే అడగాలి. ఒకరు వాడిన మాస్క్, ట్యూబ్, డబ్బా ఇంకొకరు వాడకూడదు, ఎంత కడిగినా సరే, ఇంట్లోవాళ్లైనా సరే.

ఎప్పుడు పారేయాలి?

కడిగి కడిగి కూడా ఒకరోజు వస్తుంది, కిరకిరలాడేలా కడిగిన కుషన్ కూడా రాత్రికి లీకవుతుంది. సిలికాన్ మెత్తబడి సాగినట్టు, లేదా గట్టిపడి అంచు ముడతపడినట్టు ఉంటే దాని పని అయిపోయింది. ట్యూబ్‌ని కొంచెం సాగదీసి చెవి దగ్గర పెట్టుకుని మిషన్ ఆన్ చేస్తే చిరుగు ఎక్కడుందో చప్పుడే చెబుతుంది. పట్టీలు సాగిపోయి చివరి గుర్తు దాకా బిగించాల్సి వస్తోందా, మార్చండి. డబ్బా అడుగున గీతలు, పగుళ్లు, మబ్బుపట్టినట్టు మసక వచ్చిందా, అది కూడా. తేదీలు గుర్తుండవు కాబట్టి నేను కొత్త ముక్క పెట్టిన రోజే ఫోన్‌లో రాసుకుంటాను, ఫిల్టర్ మూత లోపల చిన్న కాగితం అంటించి దాని మీద కూడా రాస్తాను.

అన్నీ ఆరాక మళ్లీ బిగించేటప్పుడు చేతులు కడుక్కోండి, కష్టపడి కడిగినదాన్ని మురికి చేతులతో ముట్టుకోవడం ఎందుకు. ముందు ఫిల్టర్, తర్వాత కొత్త నీళ్లు పోసిన డబ్బా (టక్‌మని చప్పుడు వచ్చేదాకా నెట్టాలి), ఆ తర్వాత ట్యూబ్, చివర్న మాస్క్. పడుకునే ముందు ఒక్క నిమిషం ఆన్ చేసి మొహానికి పెట్టుకుని వినండి. రంధ్రాల నుంచి వచ్చే సన్నటి శబ్దం ఒక్కటే వినబడాలి. డబ్బా దగ్గర ఇంకేదైనా బుస్సుమంటుంటే మూత సరిగ్గా పడలేదన్నమాట, తీసి మళ్లీ పెట్టండి.